ఎడమ మోచేతి కేసు

2023 మార్చి నెల, అరిజోనాలోని చాండ్లర్. మా క్లినిక్ ఒక చిన్న షాపింగ్ సెంటర్‌లో, పళ్ల డాక్టరుకీ కుక్కలకు స్నానాలు చేయించే దుకాణానికీ మధ్యన ఉంటుంది. నేనక్కడ ఫిజికల్ థెరపిస్టుని. గుంటూరులో చదివి, ఇక్కడికొచ్చి పరీక్షలన్నీ మళ్లీ రాసి, అప్పటికి పదిహేడేళ్లుగా అదే పని చేస్తున్నాను. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ ఇంజినీర్లు మెడలు పట్టేసి వస్తారు. గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్లు నడుములు పట్టుకుని వస్తారు. వాళ్లను వంచి, లాగి, కొలిచి, మళ్లీ పనికి పంపించడం నా ఉద్యోగం.

నాకు అనుమానం ఎక్కువ. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. పనిలో దెబ్బ తగిలితే ఇక్కడ యజమాని తరఫు బీమా వైద్యం చేయించి, జీతంలో కొంత ఇస్తుంది. దాన్ని వర్కర్స్ కాంప్ అంటారు. నిజంగా దెబ్బ తగిలినవాళ్లే ఎక్కువమంది వస్తారు గానీ, నటించేవాళ్లూ అప్పుడప్పుడూ తగులుతారు. భుజం ఎత్తలేనని నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, అదే చేత్తో కారు డిక్కీ దభీమని మూయడం కిటికీలోంచి చూశాను. అప్పట్నుంచీ నా కళ్లలో దుమ్ము కొట్టడం ఎవరివల్లా కాదని నాకో గర్వం. మా ఆయన అయితే "నువ్వు ఎస్సైవి కావాల్సినదానివి, పొరపాటున ఇటొచ్చావు" అంటుంటారు.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి రిషి వచ్చాడు. ఇరవై రెండేళ్లు, ఆరడుగుల పైన పొడుగు, నల్లగా ఎండలో మాడిన మెడ. కళ్ల మీదిదాకా టోపీ. లోపలికి రాగానే అద్దంలోంచి పార్కింగ్ వైపు ఒకసారి చూసి, తర్వాత నా బ్యాడ్జి మీద పేరు చదివాడు.

"ఓ, మీరు తెలుగు? నమస్తే ఆంటీ" అన్నాడు. ఆ ఉచ్చారణ వింటే తెలిసిపోతుంది ఇక్కడే పుట్టాడని. ఇలినాయిలోని అరోరాలో పెరిగాడట.

ఫారం ఇచ్చాను. ఎడమచెయ్యి కుడి మోచేతి కింద ఆనించి, కుడిచేత్తో అందుకున్నాడు. గుళ్లో తీర్థం పుచ్చుకున్నంత పద్ధతిగా! ఈ దేశంలో పుట్టిన పిల్లాడికి ఇంత మర్యాద నేర్పిన తల్లి ఎవరో అని ముచ్చటేసింది. కుడిచేత్తోనే రాశాడు, కుడిచేత్తోనే సంతకం పెట్టాడు. ఫారం తిరిగి తీసుకుని చూస్తే సగం గళ్లు ఖాళీ. ఏ చేతివాటం అన్నచోట కూడా ఏమీ రాయలేదు. అది మాత్రం కళ్లతో చూశాను కదా అని "కుడి" అని నేనే టిక్కు పెట్టాను. అడగనైనా అడగలేదు.

మిగతా ఖాళీల గురించి మాత్రం బాగానే అడిగాను.

"ఉద్యోగం దగ్గర వేర్‌హౌస్ అని రాశావు. ఏ వేర్‌హౌస్?"

"జస్ట్... వేర్‌హౌస్ ఆంటీ. బాక్సెస్ లిఫ్ట్ చేస్తా."

"ఇన్సూరెన్స్?"

"ఉంది, కానీ యూజ్ చేయను. నేనే పే చేస్తా." గొంతు తగ్గించి అడిగాడు. "ఆంటీ, ఇది ఎక్కడైనా షో అవుతుందా? మా బాస్‌వాళ్లకి తెలుస్తుందా?"

నాలో ఎస్సై లేచి కూర్చుంది. బీమా ఉండి వాడుకోనంటున్నాడు. యజమాని పేరు చెప్పడు. వాళ్లకు తెలియకూడదంటాడు. ఇలాంటి కథ నేను ఇదివరకు విన్నాను. ముందు గుట్టుగా ఒక కాగితం సంపాదించుకోవడం, తర్వాత లాయరును వెంటబెట్టుకుని వెళ్లడం. పేరైనా నిజమో కాదో అనుకున్నాను.

నొప్పి ఎడమ మోచేతి లోపలివైపట. రెండు వారాల నుంచి. బల్ల మీద కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాను. ఎడమ ముంజేయి కుడిదానికంటే కొంచెం లావుగా ఉంది. వాపేమో అని రాసుకున్నాను. ఎడమ భుజం వెనక్కి కుడిదానికంటే ఎక్కువ తిరుగుతోంది. కొందరికి కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉంటాయిలే అని అదీ రాసుకున్నాను. మోచేతిని మడిచి, పక్కకు ఒత్తిడి పెడుతూ చాపే పరీక్ష ఒకటుంది. లోపలి లిగమెంటు, అంటే రెండు ఎముకల్ని పట్టి ఉంచే నారలాంటి బంధం, బాగుందో లేదో దాంట్లో తెలుస్తుంది. సగం చాపేసరికి అతని దవడ బిగుసుకుంది.

"నొప్పా?"

వెంటనే చెప్పలేదు. నా మొహంలోకి చూసి, ఏదో లెక్కేసుకుని, "కొంచెం" అన్నాడు.

నిజంగా నొప్పిపుట్టినవాడు మొహాలు చూసి ఆలోచించి చెబుతాడా? నటనే అనుకున్నాను. తర్వాత గ్రిప్ మీటర్ ఇచ్చాను. పిడికిలి ఎంత బలంగా బిగించగలరో కొలిచే పరికరమది. కుడిచేత్తో నూటపది పౌండ్లు, ఎడమచేత్తో నూటపన్నెండు. మా లెక్కలో వాటమైన చెయ్యి రెండోదానికంటే కాస్త బలంగా ఉండటం మామూలు. కుడివాటం మనిషికి ఎడమచెయ్యి అంతే బలంగా ఉందంటే, దానికి ఏ రోగమూ లేనట్టే.

అయినా నాకు తృప్తి లేదు. నా దగ్గరో పాత చిట్కా ఉంది. కబుర్లు చెబుతూ చెబుతూ, హఠాత్తుగా చిన్న రబ్బరు బంతిని నొప్పి ఉందన్న చేతివైపు విసురుతాను. నటించేవాడు మరిచిపోయి ఆ చేత్తోనే పట్టేసుకుంటాడు. మీ నాన్నగారు ఏం చేస్తారని అడుగుతూ రిషి ఎడమ భుజం వైపు బంతి విసిరాను. ఎడమచెయ్యి కదలనే లేదు. కుడిచెయ్యి ఒళ్లు దాటి అటువెళ్లి, మణికట్టు తిప్పి, చప్పుడు కాకుండా బంతిని పట్టేసుకుంది.

నాకు ఒళ్లు మండింది. చిట్కా ముందే తెలిసినవాడు తప్ప అంత జాగ్రత్తగా పట్టుకోడు. ఎవరో తర్ఫీదు ఇచ్చి పంపించారని తేల్చుకున్నాను.

"చూడు రిషీ, ఇందులో పెద్దగా ఏమీ కనిపించట్లేదు. బలం బాగుంది. ఐస్ పెట్టుకో, ఈ నాలుగు ఎక్సర్‌సైజులు చెయ్యి."

అతని మొహం ఒక్కసారిగా తేటపడింది. లాయరు దగ్గరికి వెళ్లాల్సినవాడికి ఇంత సంతోషం దేనికి? అది కూడా నాకు అనుమానంగానే తోచింది గానీ ఆలోచించలేదు.

"రియల్లీ? ఏం లేదా? సో రేపు మార్నింగ్ ఫుల్‌గా త్రో చేయచ్చా?" అని, నాలుక కరుచుకుని, "ఐ మీన్, బాక్సెస్" అన్నాడు.

"పెట్టెలు ఎవరైనా విసురుతారా?"

"వి... లోడింగ్ ఆంటీ. ఫాస్ట్‌గా చేయాలి."

"చేసుకో. పూర్తి బలంతో చేసుకో" అన్నాను, వెటకారంగానే. నోట్‌లో "చెప్పుకోదగ్గ లోపం లేదు, ప్రయత్నంలో నిజాయితీ అనుమానాస్పదం" అని టైపు చేసి సంతకం పెట్టేశాను. రిషి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పక్క బల్ల మీద దుప్పట్లు మారుస్తూ డెబ్బీ అంతా చూస్తూనే ఉంది. డెబ్బీ మా క్లినిక్‌లో అసిస్టెంటు, అరవై దాటిన మనిషి. ఇద్దరు కొడుకులూ కాలేజీదాకా బేస్‌బాల్ ఆడారు. ప్రతి మార్చిలోనూ ఎక్కడెక్కడి బేస్‌బాల్ జట్లో శిక్షణకి అరిజోనా వస్తాయి, అప్పుడు సెలవు పెట్టి మరీ మైదానాల చుట్టూ తిరుగుతుంది.

"ఆ అబ్బాయి ఎవరికి ఆడుతున్నాడు?" అంది.

"ఆడటమేంటి? గోదాములో పనట. అంతా నాటకం. బంతి ఎలా పట్టుకున్నాడో చూశావుగా? ఎడమచెయ్యి కదపకూడదని ఎవరో నేర్పి పంపించారు."

డెబ్బీ దుప్పటి అక్కడే పడేసి పకపకా నవ్వింది. "పద్మా, అది గ్లవ్ తొడుక్కున్నవాడు పట్టుకునే తీరు. బేస్‌బాల్‌లో గ్లవ్ ఏ చేతికి వేసుకుంటారు? విసరని చేతికి. కుడిచేత్తో అలా పట్టాడంటే, విసిరేది ఎడమచేత్తో."

నేను క్రికెట్ చూస్తూ పెరిగినదాన్ని. మన ఫీల్డర్లకు గ్లవ్‌లుండవు, వాటమైన చెయ్యే ముందుకొస్తుంది. ఈ దేశంలో ఇరవయ్యేళ్లు బతికి కూడా ఈ ముక్క నాకు తెలియదు.

"కుడిచేత్తో రాశాడు డెబ్బీ. నేను చూశాను."

"రాస్తే?"

రాస్తే ఏముంది? అప్పుడు తట్టింది నాకు, తల కొట్టేసినట్టయింది. మన ఇళ్లలో ఎడమవాటం పిల్లల్ని ఏం చేస్తాం? అన్నం ఎడమచేత్తో ముట్టుకుంటే చెయ్యి మీద ఒకటేస్తాం. పెన్సిలు లాక్కుని కుడిచేతిలో పెడతాం. గుళ్లో పిల్లలు ప్రసాదానికి ఎడమచెయ్యి చాపితే "కుడిచెయ్యి నాన్నా, కుడిచెయ్యి" అని నేనే వందసార్లు అని ఉంటాను. ఆ మర్యాదే చూసి మురిసిపోయి టిక్కు పెట్టాను. డెబ్బీ అయితే ఏ చేతివాటమని అడిగి ఉండేది. నేను మనవాడు కదా అని అడగలేదు.

కంప్యూటర్‌లో నోట్ మళ్లీ తెరిచాను. అంకెలన్నీ అవే. కుడివాటం అనుకుని చదివితే ఏ జబ్బూ లేదు. ఎడమవాటం అనుకుని, పైగా పిచ్చర్ అనుకుని చదివితే, అర్థమే మారిపోయింది. పిచ్చర్ అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. వేల బంతులు విసిరిన ముంజేయి లావుగానే ఉంటుంది, భుజం వెనక్కి ఎక్కువగానే తిరుగుతుంది. కానీ ఆ చేతి పట్టు రెండో చేతికంటే ఎంతో బలంగా ఉండాలి. సమానంగా ఉందంటే బోలెడంత తగ్గిపోయిందన్నమాట. దానికితోడు మోచేతి లోపల నొప్పి. తెగబోతున్న లిగమెంటుకి ఇవే గుర్తులు. అలాంటి చేత్తో రేపు పూర్తి బలంతో విసురుకోమని చెప్పి పంపించాను!

డెబ్బీ ఈలోగా ఫోన్‌లో అతని పేరు వెతికింది. ఒక జట్టు శిక్షణ శిబిరం జాబితాలో ఫొటోతో సహా ఉన్నాడు. కిందటేడే కాలేజీ నుంచి ప్రొఫెషనల్ ఆటలోకి తీసుకున్నారు, అన్నిటికంటే కింది స్థాయిలో. పేరు నిజమే. పేరు పక్కనే, పిచ్చర్ అని, విసిరే చెయ్యి ఎడమ అని, ఊరందరికీ కనిపించేటట్టు రాసి ఉంది.

ఫారంలో ఇచ్చిన నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. "అర్జెంట్, నాకు ఫోన్ చెయ్యి" అని మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. జట్టువాళ్లకు ఫోన్ చేద్దామంటే, పేషెంట్ ఒప్పుకోకుండా అతని సంగతి ఎవరికీ చెప్పకూడదని ఇక్కడి చట్టం. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెబితే మా ఆయన, "ఎస్సైగారు మొదటిసారి తప్పు మనిషిని పట్టుకున్నారు" అన్నారు. నవ్వు రాలేదు నాకు.

మర్నాడు పొద్దున ఇద్దరు పేషెంట్లను డెబ్బీకి అప్పగించి, బ్యాడ్జి తీసి సంచిలో వేసుకుని శిబిరానికి వెళ్లాను. పెద్ద స్టేడియం వెనకాల నాలుగు మైదానాలుంటాయి, కుర్రాళ్లు అక్కడే ఆడతారు. టిక్కెట్టు లేదు, ఎవరైనా కంచె పక్కన నిలబడి చూడొచ్చు. ఆటకు ముందు పిచ్చర్లు బంతులు వేసుకునే మూల దగ్గర రిషి కనిపించాడు, గ్లవ్ కుడిచేతికి తొడుక్కుని. ఈ చుడీదార్ మనిషి కంచె పట్టుకుని ఎందుకు నిలబడిందా అని ఒక కోచ్ నావైపే చూస్తున్నాడు. దగ్గరికొచ్చి, ఎవరి కోసం అని అడిగాడు.

రిషి తలెత్తి నన్ను చూశాడు. మొహం పాలిపోయింది. పరుగున వచ్చి, "షి ఈజ్ మై ఆంటీ" అన్నాడు.

కోచ్ మొహం విప్పారింది. సొంత మేనత్తే ఇలినాయి నుంచి వచ్చిందనుకున్నాడో ఏమో, రెండు నిమిషాలు ఇచ్చి వెళ్లిపోయాడు.

కోచ్ అటు తిరగ్గానే రిషి గొంతు మారిపోయింది. "ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా."

"మరి ఇక్కడ ఎలా ఫైండ్ చేశారు? మిమ్మల్ని ఎవరు పంపారు?"

నేను అతన్ని ఎలా చూశానో, ఇప్పుడు అతను నన్ను అలాగే చూస్తున్నాడు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

"ఎవరూ పంపలేదు నాన్నా. నిన్న నేను పప్పులో కాలేశాను. నువ్వు కుడిచేతివాటం అనుకుని లెక్క చూశాను. నువ్వు రాయడం కుడిచేత్తో కదా?"

"అమ్మ ఫోర్స్ చేసింది. ఈటింగ్, రైటింగ్, ఎవ్రీథింగ్. త్రోయింగ్ ఒక్కటే మిగిలింది. అమ్మ అది చూడలేదు నాకు ఎయిట్ వచ్చేదాకా." కంచె మీద గ్లవ్ ఆనించాడు. "నిన్న ఏం లేదు అన్నారు. ఇవాళ ఉంది అంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు. నీ అంకె చెప్పు. నిన్న నీ ఎడమచెయ్యి నూటపన్నెండు వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడైనా కొలిచారా?"

అవతల ఎవరి గ్లవ్‌లోనో బంతి ఠప్పుమంటోంది. రిషి అటే చూస్తూ అన్నాడు.

"కాలేజ్‌లో. లాస్ట్ ఇయర్. లెఫ్ట్... వన్ ఫార్టీ ఫైవ్."

ఆ అంకె నిన్న బల్ల మీద కూర్చున్నప్పుడు చెప్పి ఉంటే, లేదా నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఈ కంచె దాకా వచ్చేవాళ్లమే కాదు.

"ఆంటీ, మీకు తెలీదు ఇది. మార్నింగ్ లాకర్ రూమ్‌కి వెళ్తే డోర్ దగ్గర ఒక గై ఉంటాడు. మీ పేరు పిలిస్తే, అంతే, బ్యాగ్ సర్దుకోవాలి. లాస్ట్ వీక్ నా రూమ్‌మేట్‌ని పిలిచాడు. ఆర్మ్ పెయిన్ అని ఇవాళ చెప్తే రేపు నన్నే పిలుస్తాడు. అందుకే బయట చూపించుకోవాలి అనుకున్నా. అలా బయట చూపించుకోకూడదు, రూల్ ఉంది."

"చెబితే ఉంచుతారో పంపిస్తారో నాకు తెలియదు" అన్నాను. అబద్ధం చెప్పదలుచుకోలేదు. "నాకు తెలిసింది మోచెయ్యి ఒక్కటే. అది ఇవాళ బాగాలేదు. పూర్తి బలంతో విసరమని నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

"మీ ఫాల్ట్ అని మీరే చెప్తున్నారా?"

"నాదే."

కోచ్ కేకేశాడు. రిషి వెనక్కి వెళ్లి, పిచ్చర్లు నిలబడి విసిరే మట్టిదిబ్బ ఎక్కి, బంతి తీసుకున్నాడు. మొదటి బంతి మెల్లగా వేశాడు. రెండోది కాస్త గట్టిగా. మూడో బంతికి చెయ్యి వెనక్కి తీసి, అలాగే ఆగాడు. బంతి గ్లవ్‌లో వేసుకుని దిబ్బ దిగాడు. నావైపు చూడకుండా, తెల్ల చొక్కా వేసుకుని బెంచీ దగ్గర నిలబడ్డ, ఆటగాళ్ల దెబ్బలు చూసే ట్రైనర్ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం కనిపించింది గానీ వినిపించలేదు. ట్రైనర్ అతని మోచెయ్యి పట్టుకుని చూస్తుండగా నేను కారు దగ్గరికి వచ్చేశాను.

క్లినిక్‌కి రాగానే నోట్ తెరిచాను. మా వృత్తిలో ఒకసారి సంతకం పెట్టిన రాత చెరపడానికి వీల్లేదు. తప్పు అక్కడే ఉంటుంది, కింద తేదీ వేసి సవరణ రాయాలి. "పేషెంటు చేతివాటం అడిగి తెలుసుకోలేదు. ఎడమవాటం. ముందు రాసిన అభిప్రాయం చెల్లదు" అని రాశాను. నిజాయితీ అనుమానాస్పదం అన్న ముక్క పైన అలాగే ఉంది. ఇప్పటికీ ఉంది.

వారం తర్వాత రిషి ఫోన్ చేశాడు. స్కాన్‌లో లిగమెంటు కొంత చిరిగిందని తేలిందట. పూర్తిగా తెగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు, నెలల తరబడి విశ్రాంతి. "ఇంకో ట్వంటీ పిచెస్ వేస్తే మొత్తం పోయేదేమో అన్నారు డాక్టర్" అన్నాడు. తలుపు దగ్గరి మనిషి ఆ మార్చిలో అతని పేరు పిలవలేదు. ఎడమచేత్తో విసిరేవాళ్లు తక్కువ కాబట్టి ఆగి చూద్దామనుకున్నారేమో, లేక తనంతట తాను చెప్పినందుకేమో, నాకు తెలియదు. అతనికీ తెలియదు. ఆ తర్వాత రెండు సీజన్లు కింది స్థాయిల్లో ఆడాడని డెబ్బీ ఫోన్‌లో చూసి చెబుతుండేది. పెద్ద స్టేడియందాకా వెళతాడా అంటే ఆవిడ పెదవి విరుస్తుంది. ఆడుతున్నాడుగా, నాకు అది చాలు.

నేను నటనలు పట్టడం మానలేదు, బంతి చిట్కా కూడా మానలేదు. కానీ ఇప్పుడు ఎవరొచ్చినా ముందు మూడు ప్రశ్నలడుగుతాను. ఏ చేత్తో తింటావు, ఏ చేత్తో రాస్తావు, ఏ చేత్తో విసురుతావు. మనవాళ్లయితే రెండుసార్లు అడుగుతాను. నొప్పిని నటించేవాళ్ల కోసం అన్నేళ్లు కాపలా కాశాను. నొప్పిని దాచుకునేవాడు కూడా నా ముందుకొచ్చి కూర్చుంటాడని ఆలోచించలేదు. వాడు మొహం చూసి లెక్కేసుకునేది, నన్ను నమ్మొచ్చో లేదోనని.

ఆ 2023 చివర్లోనే, చెయ్యి బాగయ్యేదాకా ఉండిపోయిన శిబిరం నుంచి ఇంటికి వెళ్లే ముందు రిషి క్లినిక్‌కి వచ్చాడు. టోపీ లేదు, పార్కింగ్ వైపు చూడలేదు. జేబులోంచి ఒక బంతి తీశాడు. చెయ్యి బాగయ్యాక ఆటలో వేసిన మొదటి బంతట. నావైపు చాపి, చటుక్కున ఆగిపోయాడు.

"సారీ ఆంటీ, లెఫ్ట్ హ్యాండ్" అని బంతిని కుడిచేతిలోకి మార్చుకోబోయాడు.

"మార్చకు" అన్నాను. "ఆ చేత్తోనే ఇవ్వు."

నేనూ ఎడమచెయ్యే చాపి అందుకున్నాను.